కారణాంకాలు తెలియకపోయినా గ.సా.భా. దొరుకుతుంది

1147, 899. ఈ రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య ఏది?

ఆరో తరగతిలో నేర్చుకున్న పద్ధతిలో వెళ్తే ముందు రెండింటినీ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. 2తో పోదు. 3తో పోదు. 5, 7, 11, 13, 17, 19, 23... దేనితోనూ రెండింట్లో ఒక్కటీ పోదు. ఇక్కడికొచ్చేసరికి చాలామంది పెన్ను కింద పెట్టి, "రెండూ ప్రధాన సంఖ్యలే అయుంటాయి, జవాబు 1" అని రాసేస్తారు. అసలు జవాబు 31.

వాళ్లకు భాగహారం రాక కాదు, పట్టిన దారి అలాంటిది. ఒక సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం కష్టమైన పని. రెండు సంఖ్యల్లో ఉమ్మడిగా ఏముందో కనుక్కోవడం చాలా తేలికైన పని. మన బడుల్లో మాత్రం పిల్లలు ఆ తేలిక పనిని కష్టమైన పని మీదుగా చేయడానికే ఎక్కువగా అలవాటుపడతారు. గరిష్ఠ సామాన్య భాజకం, అంటే గ.సా.భా. కోసం (కొన్ని పుస్తకాల్లో గ.సా.కా. అని ఉంటుంది, రెండూ ఒకటే) కారణాంకాలు తెలియాల్సిన అవసరం లేదు. వరుసగా భాగహారాలు చేసుకుంటూ శేషాలు చూసుకుంటే చాలు.

అలాగని బడి పద్ధతులు పనికిరానివని కాదు. సంఖ్యలు చిన్నవైతే అవే త్వరగా తెములుతాయి. 360, 504 చూడండి.

360 = 2 × 2 × 2 × 3 × 3 × 5
504 = 2 × 2 × 2 × 3 × 3 × 7

రెండింట్లోనూ ఉన్నవి మూడు 2లు, రెండు 3లు. గుణిస్తే 72. ఇక్కడ తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది, 5నూ 7నూ కూడా కలిపేసి 2520 అని రాయడం. అది కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.), అంటే రెండింటితోనూ పోయే అతి చిన్న సంఖ్య. గ.సా.భా. ఎప్పుడూ ఇచ్చిన సంఖ్యల్లో చిన్నదాన్ని మించదు కాబట్టి 360 దాటిన జవాబు కనబడగానే కొట్టేయవచ్చు. రెండోది, "ఉమ్మడిగా ఉన్నవి 2, 3 కదా" అని 6 రాయడం. ఏ ప్రధాన సంఖ్య ఉమ్మడో చూసి, అది ఎన్నిసార్లు ఉమ్మడో చూడకపోవడం వల్ల వచ్చే తప్పు ఇది.

ఈ రెండో తప్పును పట్టుకునే పరీక్ష ఒకటుంది. ఏ పద్ధతిలో చేసినా చివర్లో దీన్ని తప్పక చేయాలి. వచ్చిన జవాబుతో రెండు సంఖ్యలనూ భాగించి చూడాలి. 6తో భాగిస్తే 60, 84 వస్తాయి. ఈ రెండింటికీ ఇంకా 12 ఉమ్మడిగా ఉంది. అంటే పని పూర్తికాలేదన్నమాట. మొదటినుంచి మళ్లీ చేయనక్కర్లేదు, 6 × 12 = 72 అని సరిదిద్దుకుంటే సరిపోతుంది. 72తో భాగిస్తే 5, 7 మిగులుతాయి. వాటికి 1 తప్ప ఉమ్మడి లేదు. భాగఫలాలు అలా పరస్పర ప్రధానాలైతేనే జవాబు సరైనది.

రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసి నిచ్చెనలా కిందికి భాగించుకుంటూ పోయే పద్ధతిలో తికమక ఇంకోచోట పుడుతుంది. గ.సా.భా. కావాలంటే రెండూ పోయే సంఖ్యతోనే భాగించాలి, అలాంటిది దొరకనప్పుడు ఆగిపోవాలి. క.సా.గు. అయితే ఒక్కటే పోయినా భాగిస్తూ ముందుకు వెళ్లాలి. గీతలు రెండింటికీ ఒకే తీరుగా ఉంటాయి, ఆగే చోటే వేరు. రెండు లెక్కలూ ఒకే వారంలో చెప్పే టీచర్లు ఈ ఆగే చోటును బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయడం మంచిది.

ఇక 91, 119, 133, 143, 161, 221 లాంటివి ప్రధాన సంఖ్యల్లా కనిపించి మోసం చేస్తాయి. 91 = 7 × 13, 119 = 7 × 17, 221 = 13 × 17. మూడంకెల సంఖ్యలకే ఇంత ఇబ్బంది ఉంటే నాలుగైదు అంకెలకు చెప్పనక్కర్లేదు.

గదిలో చతురస్రాలు

విడగొట్టకుండా వెళ్లే దారికి ఒక గది తీసుకుందాం. పొడవు 14 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 10 అడుగుల 8 అంగుళాలు. ఒక్క టైల్ కూడా కోయకుండా నేలంతా పరవాలి. టైల్స్ అన్నీ ఒకే కొలత చతురస్రాలు కావాలి, వీలైనంత పెద్దవి కావాలి. ఎంత కొలత?

ముందుగా రెండింటినీ అంగుళాల్లోకి మార్చాలి. 14 × 12 + 8 = 176, 10 × 12 + 8 = 128. దీన్ని 14.8 అడుగులు అని రాసుకుంటే లెక్క మొదట్లోనే చెడిపోతుంది. 8 అంగుళాలంటే అడుగులో మూడింట రెండు వంతులు, అంటే 0.67కు దగ్గర. 0.8 కాదు.

ఇప్పుడు ఆ గదిలో పట్టే అతి పెద్ద చతురస్రం గీయండి. దాని భుజం 128. పక్కన 48 × 128 ముక్క మిగులుతుంది. అందులో 48 భుజంగా రెండు చతురస్రాలు పడతాయి, 48 × 32 మిగులుతుంది. అందులో 32 భుజంతో ఒకటి పోతే 32 × 16 మిగులుతుంది. అది 16 భుజంతో రెండు చతురస్రాలుగా సరిగ్గా తెగిపోతుంది, ఏమీ మిగలదు. లెక్కలో రాస్తే ఇలా:

176 = 128 × 1 + 48
128 = 48 × 2 + 32
48 = 32 × 1 + 16
32 = 16 × 2 + 0

జవాబు 16 అంగుళాలు. పొడవునా 11, వెడల్పునా 8, మొత్తం 88 టైల్స్.

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' ఏడో భాగం మొదట్లోనే చెప్పిన పద్ధతి ఇదే. ఆయన భాగహారంగా కాక, పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేస్తూ పోవడంగా చెప్పాడు. రెండుసార్లు 48 తీసేయడమూ, 48తో భాగించి శేషం తీసుకోవడమూ ఒకటే.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియకుండా పద్ధతి మాత్రమే కంఠస్థం చేస్తే నెల తిరక్కుండా మరిచిపోతారు. కారణం రెండు భాగాలుగా ఉంటుంది. కింది నుంచి పైకి చూడండి. 16తో 32 పోతుంది. 48 అంటే 32, 16 కలిసినది కాబట్టి అదీ పోతుంది. 128 అంటే రెండు 48లూ ఒక 32, అదీ పోతుంది. 176 కూడా అంతే. అంటే 16 ఉమ్మడి భాజకమే. ఇప్పుడు పై నుంచి కిందికి రండి. 176నూ 128నూ భాగించే ఏ సంఖ్యయినా వాటి తేడా 48ని భాగించి తీరాలి. 128నూ 48నీ భాగించేది 32ను భాగించాలి. 48నీ 32నూ భాగించేది 16ను భాగించాలి. 16ను భాగించే సంఖ్య 16 కంటే పెద్దది కాలేదు. మొదటి భాగం ఒక్కటే చెబితే 16 సరిపోతుందని తేలుతుంది గానీ, అంతకంటే పెద్దది లేదని తేలదు. క్లాసుల్లో ఎక్కువగా ఎగిరిపోయేది ఈ రెండో భాగమే. పద్ధతికి ప్రాణం అదే.

లెక్క అలా తేలినా పనిలో ఒక మెలిక ఉంది. దుకాణంలో 16 అంగుళాల టైల్‌గా అమ్మేది సాధారణంగా 400 మి.మీ. టైల్. అసలు 16 అంగుళాలంటే 406.4 మి.మీ. 11 టైల్స్ వరసలో 70 మి.మీ. తగ్గుతుంది. టైల్‌కీ టైల్‌కీ మధ్య 3 మి.మీ. సందు వదిలితే పది సందులకు 30 మి.మీ. కలిసొస్తుంది. ఇంకా 40 మి.మీ. ఖాళీ మిగులుతుంది, అక్కడ ముక్క కోసి పెట్టాల్సిందే. టైల్‌నూ సందునూ కలిపి ఒక కొలతగా తీసుకుని లెక్కేస్తేనే మేస్త్రీ పనికి పనికొచ్చే జవాబు వస్తుంది.

భాగహార పద్ధతిలో జారే చోట్లు

ఇప్పుడు మొదటి లెక్క:

1147 = 899 × 1 + 248
899 = 248 × 3 + 155
248 = 155 × 1 + 93
155 = 93 × 1 + 62
93 = 62 × 1 + 31
62 = 31 × 2 + 0

శేషం సున్నా వచ్చిన వరసలో ఏ సంఖ్యతో భాగించామో అదే జవాబు, 31. చివరి భాగఫలం 2 జవాబు కాదు, సున్నా అంతకన్నా కాదు. ప్రతి మెట్టులోనూ పాత భాజకం పై సంఖ్యగా మారుతుంది, పాత శేషం కొత్త భాజకం అవుతుంది. భాగఫలాన్ని కిందికి దించకూడదు. గ.సా.భా. కనుక్కునే వరకు దానితో మనకు పనే లేదు. శేషం భాజకం కంటే పెద్దదిగానో, సమానంగానో కనిపిస్తే అక్కడ భాగఫలం తక్కువ వేశారని అర్థం.

పొరపాటున చిన్న సంఖ్యను పైన పెట్టినా నష్టం లేదు. 899ని 1147తో భాగిస్తే భాగఫలం 0, శేషం 899. ఒక మెట్టు ఎక్కువవుతుంది, సంఖ్యలు వాటంతటవే సరైన వరసలోకి వస్తాయి. ఒక సంఖ్య సున్నా అయితే రెండోదే జవాబు. సున్నాను ఏ సంఖ్యయినా శేషం లేకుండా భాగిస్తుంది కదా.

అసలు భయపడాల్సింది తీసివేతలో చిన్న తప్పు గురించి. మధ్యలో ఒక అంకె తప్పితే లెక్క ఆగదు, అడ్డం తిరగదు, చక్కగా చివరిదాకా నడిచి తరచుగా 1 దగ్గర ఆగుతుంది. ఎటూ చూడకుండా ఎంచుకున్న రెండు సంఖ్యలు పరస్పర ప్రధానాలయ్యే అవకాశం దాదాపు 61 శాతం. అందుకే తప్పు లెక్కకు 1 రావడం మామూలు, అది నమ్మబుద్ధేసేలా ఉండటమూ మామూలే. జవాబు 1 వచ్చినప్పుడు ఒక్కో మెట్టూ గుణించి, శేషం కలిపి సరిచూసుకోండి. జవాబు 31 వస్తే పని ఇంకా తేలిక. దానితో రెండు సంఖ్యలనూ భాగిస్తే 37, 29 వస్తాయి, రెండూ పరస్పర ప్రధానాలు.

పోటీ పరీక్షల్లో నిమిషం కూడా విలువైనదే కాబట్టి రెండు దగ్గరి దారులు. మొదటిది తేడా. 1147 − 899 = 248. గ.సా.భా. ఈ 248ని భాగించాలి. 248 అంటే 8 × 31. అసలు సంఖ్యలు రెండూ బేసి కాబట్టి 2కు చోటు లేదు. మిగిలింది 31 ఒక్కటే. 899 = 31 × 29, అయిపోయింది. తేడానే జవాబుగా రాసేయడం ఇక్కడ జరిగే తప్పు. తేడా భాజకాల్లో ఒకటే జవాబు, తేడా మొత్తం కానక్కర్లేదు.

రెండోది, శేషం సగం దాటితే పై గుణిజం నుంచి వెనక్కి లెక్కించడం. 899లో మూడు 248లు పోతే 155 మిగులుతుంది, అది 248లో సగం కంటే ఎక్కువ. నాలుగు 248లు 992, దానికి 93 తక్కువ. 155 బదులు 93 తీసుకోండి. 248 అంటే మూడు 93లకు (279) 31 తక్కువ. 93 = 31 × 3. ఆరు మెట్లు నాలుగయ్యాయి.

ఎన్ని మెట్లు పడతాయి?

1844లో ఫ్రెంచ్ గణితవేత్త గాబ్రియెల్ లామే దీనికి హద్దు నిరూపించాడు. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలుంటే దానికి ఐదు రెట్లను భాగహారాల సంఖ్య మించదు. అన్నిటికన్నా ఆలస్యమయ్యేది 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89 వరసలో పక్కపక్క సంఖ్యలకు. అక్కడ దాదాపు ప్రతిసారీ భాగఫలం 1 మాత్రమే వస్తుంది, శేషాలు నెమ్మదిగా తగ్గుతాయి. 89, 55లకు తొమ్మిది భాగహారాలు పడతాయి. హద్దు పది.

ఈ హద్దు పక్కన కారణాంకాల సంగతి పెట్టి చూస్తే తేడా ఎంతో అర్థమవుతుంది. ఆర్ఎస్ఏ-250 అనే 250 అంకెల సంఖ్యను రెండు ప్రధాన కారణాంకాలుగా విడగొట్టగలిగింది 2020లో. దానికి పట్టిన కంప్యూటర్ పని, ఒక్క ప్రాసెసర్ కోర్ చేస్తే సుమారు 2,700 ఏళ్లు. అంతే పొడవున్న రెండు సంఖ్యల గ.సా.భా.కు మాత్రం 1,250 భాగహారాలు మించవు. మామూలు కంప్యూటర్ రెప్పపాటులో చేస్తుంది.

ఇంటర్నెట్ భద్రతలో కొంత భాగం ఈ తేడా మీదే నిలబడింది. ఆర్ఎస్ఏ పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని అందరికీ చూపిస్తారు, ఆ రెండింటినీ దాచుకుంటారు. లబ్ధాన్ని విడగొట్టలేకపోవడమే తాళం. కానీ ఇద్దరి తాళాల్లో పొరపాటున ఒకే ప్రధాన సంఖ్య పడితే? రెండు లబ్ధాలకూ గ.సా.భా. తీస్తే ఆ ఉమ్మడి సంఖ్య బయటపడుతుంది, రెండు తాళాలూ ఒకేసారి ఊడిపోతాయి. మన 1147, 899 సరిగ్గా ఇలాంటి బుల్లి తాళాలే, 31 దొరకగానే 37, 29 కూడా దొరికిపోయాయి. 2012లో పరిశోధకులు ఇంటర్నెట్‌లో వాడుకలో ఉన్న తాళాలను లక్షల సంఖ్యలో సేకరించి ఇదే లెక్క చేశారు, నిజంగానే ఉమ్మడి ప్రధాన సంఖ్యలు దొరికాయి. రౌటర్ల వంటి చిన్న పరికరాలు ఆన్ అయిన వెంటనే, యాదృచ్ఛికత సరిపోకుండానే తాళం తయారుచేసుకోవడం దీనికి ముఖ్య కారణం.

ఆర్యభటుడు తిరిగి ఎక్కిన మెట్లు

భాగఫలాలతో మనకు పని లేదని పైన అన్నది గ.సా.భా. వరకే. వాటితో ఇంకో పెద్ద పని జరుగుతుంది. గది లెక్కలో మెట్లను కింది నుంచి పైకి తిరగరాయండి:

16 = 48 − 32
= 48 − (128 − 2 × 48) = 3 × 48 − 128
= 3 × (176 − 128) − 128 = 3 × 176 − 4 × 128

528 − 512 = 16, సరిపోయింది. ఏ రెండు సంఖ్యలకైనా గ.సా.భా.ను ఇలా ఆ రెండింటి గుణిజాల తేడాగా రాయవచ్చు.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదం చివరి రెండు శ్లోకాలు (32, 33) ఇలా శేషాలను పరస్పరం భాగించుకుంటూ దిగి, భాగఫలాలతో తిరిగి పైకి ఎక్కే పద్ధతిని చెబుతాయి. దీనికి కుట్టకం అని పేరు. ఒక సంఖ్యను ఒక భాజకంతో భాగిస్తే ఇంత, మరో భాజకంతో భాగిస్తే అంత శేషం వస్తుందని చెప్పి ఆ సంఖ్యను కనుక్కోమనడం అందులో ప్రశ్న. గ్రహాల పరిభ్రమణాలు, గడిచిన రోజులు లెక్కించడానికి జ్యోతిష్కులకు ఇది అవసరమైంది. 629లో మొదటి భాస్కరుడు దీన్ని ఉదాహరణలతో వివరించాడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలోనూ ఇది ఉంది. పావులూరి మల్లన తెలుగులో గణితం రాసింది ఆ గ్రంథం ఆధారంగానే.

1150 నాటి లీలావతిలో రెండో భాస్కరుడు పెట్టిన షరతు నేటికీ మొదట చూసుకోవాల్సిందే. రెండు సంఖ్యలకూ ఉన్న ఉమ్మడి భాజకం, కావలసిన తేడాను కూడా భాగించకపోతే ప్రశ్నే తప్పు. 176 గుణిజానికీ 128 గుణిజానికీ తేడా 20 రావాలంటే ఎన్నాళ్లు వెతికినా దొరకదు, 16తో 20 పోదు కాబట్టి.

పరీక్షల్లో వచ్చే మలుపులు

గ.సా.భా. వాడాలో, క.సా.గు. వాడాలో ప్రశ్నలోని "గరిష్ఠ", "కనిష్ఠ" మాటల్ని బట్టి తేల్చుకోవద్దు. "కనీసం ఎన్ని టైల్స్ పడతాయి?" అని అడిగితే అక్కడ కావలసింది గ.సా.భా.నే, టైల్ పెద్దదైతేనే సంఖ్య తగ్గుతుంది. ఇచ్చినదాన్ని సమాన ముక్కలు చేస్తున్నారా, లేక ఇచ్చినదాన్ని మళ్లీ మళ్లీ పేర్చుకుంటూ పోతున్నారా అని చూడండి. ముక్కలు చేయడమైతే గ.సా.భా. గంటలు మళ్లీ కలిసి ఎప్పుడు మోగుతాయి, బస్సులు మళ్లీ కలిసి ఎప్పుడు బయలుదేరతాయి వంటివి పేర్చడాలు, అవి క.సా.గు.

శేషం ఇచ్చి అడిగే లెక్కలో ముందు శేషాన్ని తీసేయాలి. 245, 1029లను భాగిస్తే రెండుసార్లూ 5 మిగిల్చే గరిష్ఠ సంఖ్య కావాలంటే 240, 1024ల గ.సా.భా. తీయాలి, 16. అది శేషం 5 కంటే పెద్దదే కాబట్టి చెల్లుతుంది. 21, 31లను భాగిస్తే 11 మిగలాలి అంటే 10, 20ల గ.సా.భా. 10 వస్తుంది గానీ, 10తో భాగిస్తే 11 మిగలడం అసాధ్యం. అలాంటి సంఖ్యే లేదు.

శేషం ఎంతో చెప్పకుండా "ఒకే శేషం" అంటే తేడాలు తీసుకోవాలి. 113, 218, 393లకు తేడాలు 105, 175, 280. వాటి గ.సా.భా. 35, శేషం ప్రతిసారీ 8.

మూడు సంఖ్యలకు గ.సా.భా. కావాలంటే రెండింటికి కనుక్కుని, ఆ జవాబుకీ మూడోదానికీ మళ్లీ కనుక్కోవాలి. ఏ రెండింటితో మొదలుపెట్టినా ఫలితం మారదు. కానీ "రెండు సంఖ్యల లబ్ధం = గ.సా.భా. × క.సా.గు." అనే సూత్రాన్ని మూడింటికి లాగకూడదు. 4, 6, 10ల లబ్ధం 240. గ.సా.భా. 2, క.సా.గు. 60, వీటి లబ్ధం 120 మాత్రమే.

ఎక్సెల్‌లో జీసీడీ ఫంక్షన్ వాడేవారు దశాంశాలు ఇవ్వకూడదు. అది దశాంశ భాగాన్ని చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. 5.25, 3.78 మీటర్లు ఇస్తే 5, 3 అనుకుని 1 అంటుంది. సెంటీమీటర్లలోకి మార్చి 525, 378 ఇస్తే 21 వస్తుంది.